బోనులో వైవా: షెల్టర్ కుక్కకి మార్కులు ఎలా వేస్తారు?

“కరవదు కదండీ?”

గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అనే బోర్డు ఉన్న ఏ ఇంటికి వెళ్లినా నమస్కారం కంటే ముందు మన నోట్లోంచి వచ్చే మాట ఇది. లోపలి నుంచి వచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. “అబ్బే, ఏమీ అనదండీ, రండి రండి.” ఆ మాట చెప్పే ఆంటీకి ఆ కుక్క ఐదారేళ్లుగా తెలుసు. ఎప్పుడు పడుకుంటుందో, ఎవరిని చూస్తే మొరుగుతుందో, కొరియర్ అబ్బాయి అంటే దానికి ఎందుకు పడదో, అన్నీ తెలుసు. అందుకే ఆవిడ మాట నమ్మి, ఎందుకైనా మంచిదని ఒక చేత్తో గేటు పట్టుకునే, లోపలికి అడుగు పెడతాం.

అదే ప్రశ్న నిన్న రాత్రి మున్సిపాలిటీ బండిలో దిగిన కుక్క గురించి అడిగితే? దాని వయసెంతో, ఎక్కడ పెరిగిందో, ఎవరినైనా కరిచిందో లేదో చెప్పే ఆంటీ లేదు. అయినా ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఆ జవాబు కోసం జంతువుల షెల్టర్లలో చేసే పరీక్షల గురించి, వాటి లెక్కల్లో ఉన్న ఒక చిక్కు గురించి ఈ వ్యాసం. ఆ చిక్కు మన ప్రాబబిలిటీ సబ్జెక్టులోదే కాబట్టి కుక్కలంటే గిట్టనివాళ్లు కూడా నిరభ్యంతరంగా చదవొచ్చు.

ఇది మనకి దూరపు విషయమేమీ కాదు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఉన్న వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని చెప్పింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చింది. కుక్కలకి ఆపరేషన్ చేసి, టీకాలు వేసి, పట్టుకున్నచోటే వదిలిపెట్టాలి. రేబిస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, దూకుడుగా ప్రవర్తించేవి మాత్రం వదలకూడదు అంది. నవంబర్ 7న ఇంకో ఆదేశం వచ్చింది. విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న కుక్కల్ని తీసి షెల్టర్లకి పంపాలి, మళ్లీ అక్కడికే తెచ్చి వదలకూడదు. విద్యాసంస్థలు అంటే మన క్యాంపస్ కూడా వచ్చినట్టే. మెస్ వెనక పడుకునే మూడు కుక్కలూ ఆ లెక్కలో ఉన్నాయి.

రేబిస్ సంగతి పక్కన పెడదాం. అది జబ్బు. కరిచిన కుక్కని విడిగా ఉంచి పది రోజులు గమనించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది, అది పశువైద్యుల పని. నన్ను ఆపిన మాట రెండోది: ‘దూకుడు’. దూకుడుని ఏ స్కేలుతో కొలవాలి, ఎవరు కొలవాలి, ఎన్నిసార్లు కొలవాలి అన్నది ఆ ఆదేశంలో లేదు. కొలిచే ప్రయత్నాలు మాత్రం ప్రపంచంలో చాలానే జరిగాయి. వాటిలో ఎక్కువ అమెరికాలో జరిగాయి, ఎందుకంటే అక్కడి షెల్టర్లకి కుక్కని కొత్త ఇంటికి పంపాలా వద్దా అన్నది రోజువారీ ప్రశ్న. ‘వద్దు’ అనే జవాబు వచ్చిన కుక్కకి చాలాచోట్ల ఇంజెక్షనే గతి.

అక్కడ బాగా వాడుకలోకి వచ్చినవాటిలో రెండు పరీక్షలున్నాయి. సూ స్టెర్న్‌బర్గ్ అనే శిక్షకురాలు తయారుచేసిన ‘అసెస్-ఎ-పెట్’ ఒకటి. ఎ.ఎస్.పి.సి.ఎ. అనే పెద్ద జంతు సంక్షేమ సంస్థ తరఫున ఎమిలీ వైస్ రూపొందించిన ‘సేఫర్’ రెండోది. సేఫర్ ఎలా ఉంటుందంటే: ఒక గదిలోకి కుక్కని తాడుతో తీసుకొస్తారు. తల మెల్లగా పట్టుకుని కళ్లలోకి చూస్తారు. ఒళ్లంతా తడుముతారు, చర్మం పట్టి చూస్తారు. వేలితో తట్టి ఆటకి పిలుస్తారు. కాలివేళ్ల మధ్య నొక్కుతారు. గిన్నెలో అన్నం పెట్టి, తింటుండగా గిన్నె లాగుతారు. బొమ్మ ఇచ్చి మళ్లీ తీసుకుంటారు. చివరికి ఇంకో కుక్కని చూపిస్తారు. ఒక్కో దశలో అది ఏం చేసిందో చూసి మార్కు వేస్తారు.

గిన్నె లాగేది మనిషి చెయ్యి కాదు. పొడవాటి కర్రకి బిగించిన రబ్బరు చెయ్యి! మొదటిసారి వీడియోలో చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. షాపుల్లో బొమ్మలకి ఉండే చెయ్యిలా ఉంటుంది, పైన చొక్కా చేతి తొడుగు కూడా వేస్తారు. అన్నం తింటున్న కుక్క ముఖం మీదికి ఎక్కడినుంచో ఆ చెయ్యి వచ్చి గిన్నె లాగుతుంది. గుర్రుమంటే ఒక మార్కు, కొరికితే ఇంకో మార్కు. మా అన్నయ్య పూతరేకులు తింటుంటే పొట్లం లాగి చూడండి, వాడికెన్ని మార్కులు వస్తాయో.

నవ్వు పక్కన పెడితే, ఈ పరీక్షల వెనక ఉద్దేశం మంచిదే. అంతకుముందు చూసినవాడి మూడ్ ఎలా ఉంటే నిర్ణయం అలా ఉండేది. ఒకరికి నచ్చిన కుక్క బతికేది, నచ్చనిది చచ్చేది. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇస్తే కనీసం పక్షపాతం తగ్గుతుంది కదా అనుకున్నారు. ఆ ఆలోచనలో తప్పు పట్టడానికేం లేదు. గొడవంతా ప్రశ్నపత్రం ఎక్కడ, ఎప్పుడు ఇస్తున్నారు అన్నదాంట్లో ఉంది.

షెల్టర్‌లో దిగిన కుక్క పరిస్థితి కాసేపు ఊహించండి. తెలిసిన వీధి లేదు, తెలిసిన వాసన లేదు. చుట్టూ ముప్పై నలభై కుక్కలు ఒకటే మొరుగుడు. రేకుల షెడ్డు కింద ఆ శబ్దం రెట్టింపవుతుంది. ఫినాయిల్ వాసన. నిద్ర లేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో మైఖేల్ హెన్నెస్సీ బృందం 1997లో ప్రచురించిన పరిశోధనలో షెల్టర్ కుక్కల రక్తంలో కార్టిసాల్ కొలిచారు. కార్టిసాల్ అంటే ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో పెరిగే హార్మోను. ఇళ్లలో ఉన్న పెంపుడు కుక్కలతో పోలిస్తే షెల్టర్‌లో మొదటి మూడు రోజుల్లో ఉన్న కుక్కల్లో అది బాగా ఎక్కువగా కనిపించింది. పరీక్ష పెట్టేది కూడా చాలాచోట్ల ఆ మొదటి రోజుల్లోనే. ఎందుకంటే బోను ఖాళీ అవ్వాలి, బయట ఇంకో బండి వచ్చి ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే ఇది వైవా. రాత్రంతా రికార్డు రాసి, నిద్ర లేకుండా, ఎక్స్‌టర్నల్ ముందు నిలబడ్డ మనిషికి ఓమ్స్ లా కూడా గుర్తు రాదు. ఎక్స్‌టర్నల్ గారు ‘ఈ అబ్బాయికి ఏమీ రాదు’ అని రాసుకుంటారు. ఆయన చూసింది నిజమే. మనం నిజంగానే జవాబు చెప్పలేదు. కానీ ఆయన కొలిచింది మన సబ్జెక్టునా, మన భయాన్నా?

ఇంకో పరిశోధన నాకు బాగా నచ్చింది. 2019లో లీసా గంటర్ బృందం అమెరికాలోని ఐదు షెల్టర్లలో కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఎవరో ఒకరి ఇంటికి పంపి, మళ్లీ షెల్టర్‌కి తెచ్చారు. ముందు, మధ్యలో, తర్వాత మూత్రంలో కార్టిసాల్ కొలిచారు. ఇంట్లో ఉన్నప్పుడు అది తగ్గింది. షెల్టర్‌కి రాగానే మళ్లీ పాత స్థాయికి చేరింది. కుక్క అదే, వారం అదే, రీడింగ్ మాత్రం వేరు. అలాంటప్పుడు ఏ రీడింగ్‌ని ‘ఆ కుక్క స్వభావం’ అని రాయాలి?

సరే, ఒత్తిడి వల్ల పరీక్ష కొంచెం తప్పుతుంది, ఏ పరీక్షలోనైనా కొంత ఎర్రర్ ఉంటుంది కదా అంటారా? ఇక్కడే లెక్క ఉంది. కాగితం తీసుకోండి. కింది అంకెలు నేను ఉదాహరణకి అనుకున్నవి, ఏ షెల్టర్ లెక్కా కాదు.

ఒక షెల్టర్‌కి 1000 కుక్కలు వచ్చాయి. అందులో నిజంగా మనుషులకి ప్రమాదకరమైనవి 5 శాతం, అంటే 50. మన పరీక్ష 80 శాతం కరెక్టు అనుకుందాం. ప్రమాదకరమైనవాటిలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, సాధువుల్లో 80 శాతాన్ని సాధువులనే చెబుతుంది. ప్రమాదకరమైన 50లో 40 పట్టుబడ్డాయి. మిగతా 950 మంచి కుక్కల్లో 20 శాతం, అంటే 190 కూడా ఫెయిలయ్యాయి. మొత్తం ఫెయిలైనవి 230. అందులో నిజంగా ప్రమాదకరమైనవి 40. అంటే పరీక్ష ‘దూకుడు కుక్క’ అని ముద్ర వేసిన ప్రతి వందలో 17 మాత్రమే అలాంటివి, మిగతా 83 అమాయకులు. అటువైపు పది ప్రమాదకరమైన కుక్కలు పాసై బయటికి కూడా వెళ్లిపోయాయి.

80 శాతం కరెక్టు అని చెప్పుకునే పరీక్ష ఇది! 90 శాతం కరెక్టు పరీక్ష తెచ్చినా ఫెయిలైన 140లో ప్రమాదకరమైనవి 45, అంటే మూడోవంతు. బేయిస్ థియరమ్‌ని మనం ఎర్ర బంతులు, నల్ల బంతులు, మూడు సంచులతో చదివి మర్చిపోయాం. అసలు దాని పని ఇలాంటిచోటే. వెతుకుతున్న గుణం అరుదుగా ఉంటే, మంచి పరీక్ష కూడా ఎక్కువగా అమాయకులనే పట్టుకుంటుంది.

ఇదే వాదనని 2016లో గ్యారీ పాట్రోనెక్, జానిస్ బ్రాడ్లీ అనే ఇద్దరు ఒక పశువైద్య పత్రికలో వివరంగా రాశారు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసూ చూడటం కంటే ఈ పరీక్షలు మెరుగేమీ కాదని వ్యాసం పేరులోనే అనేశారు. షెల్టర్ల లోకంలో పెద్ద దుమారం రేగింది. ఏళ్ల తరబడి రబ్బరు చెయ్యి పట్టుకుని మార్కులు వేసినవాళ్లకి ఆ వ్యాసం ఎలా అనిపించి ఉంటుందో నేను ఊహించగలను.

మన క్లాసులో ఈ మాట చెబితే వెనక బెంచీ నుంచి ఒక ఐడియా ఖాయంగా వస్తుంది: “ఫెయిలైనవాటికి సప్లీ పెట్టండి సార్.” అంటే పరీక్ష రెండోసారి చేయమని. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. ఫెయిలైన 230కి మళ్లీ పరీక్ష పెడితే 190 అమాయకుల్లో 38 మాత్రమే మళ్లీ ఫెయిలవుతాయి, ప్రమాదకరమైన 40లో 32 దొరుకుతాయి. 70లో 32, చాలా మెరుగు. కానీ ఈ గుణకారం చెల్లాలంటే రెండు పరీక్షల తప్పులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఇక్కడ రెండోసారి కూడా అదే షెడ్డు, అదే మొరుగుడు, అదే నిద్రలేమి, అదే రబ్బరు చెయ్యి. మొదటిసారి ఏ కారణంతో తప్పు వచ్చిందో రెండోసారీ అదే కారణం అక్కడే కూర్చుని ఉంటుంది. జీరో ఎర్రర్ ఉన్న మీటర్‌తో వంద రీడింగులు తీసి సగటు కడితే వచ్చేది తప్పు సగటే కదా. మీటర్ మార్చాలి, లేదా కొలిచే చోటు మార్చాలి.

ఊహా లెక్కలు చాలు, అసలు కొలతలకి వద్దాం. అన్నం గిన్నె పరీక్ష మీద చాలా పని జరిగింది, ఎందుకంటే పాస్ ఫెయిల్ స్పష్టంగా కనిపించేది అక్కడే. బోస్టన్‌లో ఏమీ మార్డర్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో 97 కుక్కల్ని షెల్టర్‌లో పరీక్షించి, తర్వాత వాటిని పెంచుకున్న ఇళ్లవాళ్లని అడిగారు. షెల్టర్‌లో గిన్నె దగ్గర దూకుడు చూపినవి 20. ఇంటికి వెళ్లాక వాటిలో దాదాపు సగమే అలా చేశాయి. షెల్టర్‌లో బుద్ధిగా ఉన్న మిగతా 77లో ఐదోవంతుకి పైగా ఇంటికి వెళ్లాక గిన్నె దగ్గర గుర్రుమన్నాయి! పరీక్ష రెండువైపులా జారిందన్నమాట.

అంతకు ముందు ఏడాది, 2012లో, ఎ.ఎస్.పి.సి.ఎ. పరిశోధకులు షెల్టర్‌లో గిన్నె కాపలా కాసిన 96 కుక్కల కథ రాశారు. వాటిని చంపకుండా, పెంచుకునేవాళ్లకి తిండి విషయంలో కొన్ని జాగ్రత్తలు నేర్పి ఇళ్లకి పంపి, మూడు రోజులకి, మూడు వారాలకి, మూడు నెలలకి ఫోన్ చేసి కనుక్కున్నారు. మొదటి మూడు వారాల్లో కాపలా కాసిందని చెప్పిన ఇళ్లు ఆరు. అందులో అన్నం గిన్నె దగ్గర జరిగింది ఒక్కటే. ఆ పరిశోధకుల్లో ఎమిలీ వైస్ ఒకరు. అవును, సేఫర్ తయారుచేసిన ఆవిడే. తన పరీక్షలోని ఒక ప్రశ్నని తనే ప్రశ్నించింది. మన యూనివర్సిటీ పేపర్ సెట్టర్లకి ఎవరైనా ఈ సంగతి చెబితే బాగుండు. తర్వాత 2018లో తొమ్మిది షెల్టర్లలో గిన్నె పరీక్షని పూర్తిగా తీసేసి చూశారు. దానివల్ల సిబ్బందికీ, పెంచుకున్నవాళ్లకీ గాయాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

మరి పరీక్షలన్నీ దండగేనా? నేను అంతదూరం వెళ్లను. మనిషి దగ్గరికి వస్తేనే పళ్లన్నీ బయటపెట్టి మీదికి దూకే కుక్కని చూశాక ‘ఇది ఒత్తిడి మాత్రమే’ అని తాళం తీసేవాడికి ధైర్యం ఎక్కువ, బుద్ధి తక్కువ. పరీక్ష ఒక సమాచారం. దాన్ని తీర్పుగా వాడటం దగ్గరే పేచీ. ఇప్పుడు చాలా షెల్టర్లు కుక్క వచ్చిన క్షణం నుంచి వెళ్లేదాకా జరిగినవన్నీ ఒకచోట రాస్తున్నాయి. ఇంజెక్షన్ వేసినప్పుడు ఎలా ఉంది, బోను కడిగేటప్పుడు ఎలా ఉంది, బయట నడిపిస్తే ఎలా ఉంది, వేరే కుక్కలతో ఆడుకోనిస్తే ఎలా ఉంది, ఒక రాత్రి ఇంట్లో ఉంటే ఎలా ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఇంతకుముందు దానితో ఉన్నవాళ్లు ఏం చెబుతున్నారు. ఇవన్నీ వేరువేరు చోట్ల, వేరువేరు మనుషులు తీసిన రీడింగులు. వీటి తప్పులు ఒకేవైపు మొగ్గవు.

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ దొరక్క, మా ఊరి శివార్లలో ఉన్న ఒక షెల్టర్‌కి ఆరు వారాలు వెళ్లాను. నా పని నీళ్లు పట్టడం, రిజిస్టర్ రాయడం. అక్కడ బూడిద రంగు కుక్క ఒకటి ఉండేది. కార్డు మీద ఎర్ర ఇంకుతో ‘డేంజర్’ అని రాసి ఉంది. ఎవరు వెళ్లినా తలుపు మీదికి ఎగిరేది. కుక్కలకి అన్నం వండే పెద్దమ్మ మాత్రం నేరుగా వెళ్లి గిన్నె పెట్టేసి వచ్చేది. ఎలాగని అడిగితే, “ఆడికి కర్రంటే పడదు బాబూ. మీరంతా కర్ర పట్టుకునేగా ఎల్తారు” అంది.

నిజమే. ఆ బోన్ల మధ్య నడిచే ప్రతి మగవాడి చేతిలో ఒక కర్రో, నేల కడిగే వైపరో ఉంటుంది. కుక్కని పట్టింది కూడా పొడవాటి కర్రకి ఉన్న వలతోనే. దాంతో రిజిస్టర్‌లో రెండు గడులు పెంచాను: ‘వెళ్లింది ఎవరు?’, ‘చేతిలో ఏముంది?’ రోజుకి నాలుగుసార్లు, రెండు వారాలు రాశాం. చేతిలో పొడవాటి వస్తువు ఉన్నప్పుడు దాదాపు ప్రతిసారీ ఎగిరింది. ఖాళీ చేతులతో పక్కకి తిరిగి కూర్చుంటే, మొదటి మూడు రోజులు మూలకి నక్కింది, తర్వాత వచ్చి మోచెయ్యి వాసన చూసింది. సాయంత్రం జనరేటర్ వేసే సమయంలో మాత్రం ఎవరున్నా మొరిగేది. రెండు వారాల తర్వాత డాక్టర్ గారు కార్డు మీద ‘డేంజర్’ కొట్టేసి ‘కర్ర వద్దు, సాయంత్రం వద్దు’ అని రాశారు. ఒక్క కుక్కతో సిద్ధాంతం కట్టలేం, నాకు తెలుసు. కానీ అమెరికా పేపర్లు చదివినప్పుడు నాకు అర్థంకాని విషయం ఆ రిజిస్టర్ రెండో పేజీలో అర్థమైంది. రబ్బరు చెయ్యి కూడా కర్రకే కదా బిగించేది!

రాసేటప్పుడు ఇంకోటి నేర్చుకున్నాను. ‘కోపంగా ఉంది’, ‘మంచిగా ఉంది’ అని రాయకూడదు. అది మన అభిప్రాయం. ఏం కనిపించిందో అది రాయాలి. తోక ఆడిస్తే సంతోషం అని మనకి చిన్నప్పటి నుంచి నూరిపోశారు. బిగుసుకుపోయిన ఒంటితో, నిటారుగా లేపిన తోకని చిన్నగా టకటకా ఆడించే కుక్క దగ్గరికి వెళ్లకండి. నిద్ర రాకపోయినా ఆవలించడం, ఏమీ తినకుండానే మూతి నాక్కోవడం, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, ఇవన్నీ ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అని చెప్పే పద్ధతులు. అప్పటికీ మనం తగ్గకపోతే ఒళ్లు కదలకుండా బిగబడుతుంది. తర్వాత గుర్రుమంటుంది. గుర్రుమనడం అంటే ఆర్టీసీ బస్సు హారన్ లాంటిది, తప్పుకోమని. హారన్ కొట్టినందుకు కుక్కని కొడితే, అది హారన్ కొట్టడం మానేస్తుంది. బస్సు మాత్రం ఆగదు.

ఇప్పుడు మన దేశం సంగతి. ఆ పరీక్షల్ని యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదని నా అభిప్రాయం. అవి సోఫా ఉన్న ఇంటికి కుక్కని పంపొచ్చా లేదా అని తేల్చడానికి పుట్టినవి. మన వీధికుక్క ఎప్పుడూ గిన్నెలో తినలేదు. దొరికింది కాపాడుకోవడం దాని బతుకు. దానికి గిన్నె పరీక్ష పెట్టి ఫెయిల్ చేస్తే మనం కొలిచింది ఆకలిని. మెడకి తాడే ఎరగనిదాన్ని తాడుతో గదిలోకి లాక్కొస్తే అక్కడే సగం మార్కులు పోతాయి.

వీధిలో ఉన్నప్పుడు ఆ కుక్కలు ఎలా ఉంటాయో చూసినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఐసర్ కోల్‌కతాలో అనిందితా భద్ర బృందం ఏళ్లుగా వీధికుక్కల్ని వాటి వీధుల్లోనే గమనిస్తోంది. 2020లో వాళ్లు ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొత్త మనిషి రెండు గిన్నెల్లో ఒకదాన్ని వేలితో చూపిస్తే కుక్క అటు వెళ్తుందా అని చూశారు. దాదాపు సగం కుక్కలు బెదిరి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో సుమారు 80 శాతం వేలు చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. ఎవరూ నేర్పకుండానే! దగ్గరికి రాని ఆ సగాన్ని గమనించండి. వీధిలో బెదిరితే పక్కకి వెళ్లిపోయే దారి ఉంది. బోనులో వెళ్లిపోయే దారి లేదు, అక్కడ బెదిరిన కుక్కకి మిగిలింది మొరగడం, ఎగరడం. అదే మనం ‘దూకుడు’ గడిలో టిక్కు పెట్టేది.

ఇదంతా కుక్కల తరఫు వకాల్తా అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు కుక్కల గుంపు దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేదు. నా ఊహా లెక్కలో పాసై వెళ్లిపోయిన పది కుక్కలు కూడా ఉన్నాయని గుర్తుందిగా. ఒక పసివాడి ప్రాణం, ఒక కుక్క స్వేచ్ఛ, రెండూ ఒకే తూకం కాదు. కాబట్టి అనుమానం ఉంటే లోపలే ఉంచుదాం అనడం సహజం, న్యాయం కూడా. కాకపోతే ఆ మాటని కూడా లెక్క వెంటాడుతుంది. అమాయకమైన 190ని లోపల పెడితే షెల్టర్ కిక్కిరుస్తుంది. కిక్కిరిస్తే మొరుగుడు పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, వచ్చే వారం పరీక్షలో ఇంకా ఎక్కువ కుక్కలు ఫెయిలవుతాయి. అటువైపు నిజంగా పట్టుకోవాల్సిన కుక్క కోసం బోను ఖాళీ ఉండదు. ఇంకో సంగతి, వీధుల్లో పెద్ద దాడులు చాలావరకు గుంపు చేసేవి. గుంపులో ఉన్నప్పటి కుక్కనీ, బోనులో ఒంటరిగా ఉన్న అదే కుక్కనీ పోల్చలేం. ఒంటరి పరీక్ష ఎంత బాగా చేసినా గుంపు గురించి ఏమీ చెప్పదు.

అందుకే బేయిస్ చెప్పే రెండో ముక్క మనకి ఎక్కువ పనికొస్తుందని నాకనిపిస్తుంది. వీధిలో కనిపించిన కుక్కలన్నిటినీ తెచ్చి పరీక్షిస్తే ప్రమాదకరమైనవి 5 శాతమో ఎంతో ఉంటాయి, పరీక్ష తప్పుతుంది. అదే, కారణం లేకుండా ఇద్దరిని వెంటపడి కరిచిందని ఫిర్యాదు ఉన్న కుక్కల్ని మాత్రమే తెస్తే ఆ శాతం మొదటే 50 ఉందనుకోండి. అదే 80 శాతం పరీక్ష వంద కుక్కల్లో 50 ఫెయిల్ చేస్తుంది, అందులో 40 నిజంగా ప్రమాదకరమైనవే. పరీక్ష మారలేదు, ముందు సమాచారం మారింది. ఆ సమాచారం షెల్టర్‌లో దొరకదు. వీధిలో దొరుకుతుంది. టీ కొట్టు అతనికి, వాచ్‌మన్‌కి, పొద్దున్నే ఊడ్చే అక్కకి తెలుసు.

మన క్యాంపస్‌లో అయితే సెక్యూరిటీ అన్నలకి, మెస్ వాళ్లకి తెలుసు. ఏ కుక్క బైకుల వెంట పడుతుంది, పిల్లలు పెట్టిందా, రాత్రి ఏ గేటు దగ్గర గుంపు కడతాయి, ఎవరు వాటికి తిండి ఎక్కడ పెడుతున్నారు. ఎక్కడికి పంపాలన్నది కోర్టు, మున్సిపాలిటీ చూసుకుంటాయి. బండి వచ్చినరోజు ఆ కుక్కల వెంట ఒక కాగితం వెళ్తుందా, ఖాళీ కార్డు వెళ్తుందా అన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఫొటో, సుమారు వయసు, చెవి కత్తిరించి ఉందా లేదా (ఉంటే ఆపరేషన్ అయినట్టు), ఎవరినైనా కరిచిందా, ఎప్పుడు, ఆ సమయంలో ఏం జరుగుతోంది, దేనికి బెదురుతుంది, ఎవరి మాట వింటుంది. కరిచి ఉంటే దాచకుండా రాయాలి. ‘మా కుక్క బంగారం’ అని రాస్తే ఆ కాగితం విలువ సున్నా. ఇంత రాయడానికి ఒక్కో కుక్కకి అరగంట పడుతుంది. ఎన్.ఎస్.ఎస్. యూనిట్ వాళ్లు ఒప్పుకుంటే వచ్చే వారం మెస్ వెనక మూడింటితో మొదలుపెడదామని ఉంది, రాయడానికి ఇంకో ఇద్దరు కావాలి.

షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకుందామనుకునే ఫైనల్ ఇయర్ వాళ్లకి ఒక్క మాట. ‘కరవదు కదండీ?’ అని మాత్రం అడగొద్దు, దానికి ఎవరూ నిజం చెప్పలేరు. ఎన్నాళ్లుగా ఉంది, రోజూ దాని దగ్గరికి వెళ్లేది ఎవరు అని అడగండి. ఆ రెండో మనిషిని వెతికి పట్టుకుని, వంటింట్లో ఉన్నా సరే, పావుగంట మాట్లాడండి. ఇంటికి తెచ్చాక మొదటి మూడు రోజులు చుట్టాలని పిలవకండి. తింటున్నప్పుడు గిన్నె జోలికి వెళ్లకండి. మూడో వారంలో అది ఎలా ఉందో రాసి పెట్టుకోండి, మూడో నెలలో మళ్లీ చదవండి.